సొట్ట గిన్నె కొలత

మందుల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళుగా పొడులు తూచే ఆమెకు తోటివాళ్ళు పెట్టిన పేరు గ్రాములమ్మ. వాళ్ళు వెటకారానికి పెట్టారు. ఆమె బిరుదుగా పుచ్చుకుంది. అటువంటి మనిషి పండుగ ముందురోజు పొద్దున వంటింట్లో నిలబడి, పిండిముద్ద వేళ్ళ సందుల్లోంచి ఇసుకలా రాలిపోతుంటే కాళ్ళూ చేతులూ ఆడక చూస్తున్నది. అది రెండో విడత. మొదటి విడత బిస్కెట్లు పళ్ళెంలో ముక్కచెక్కలై పడి ఉన్నాయి.

పక్కగదిలో తండ్రి ఉన్నాడు. అమ్మ పోయి అయిదు నెలలైంది. ఆనాటినుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. బరువు నలభై అయిదు కిలోలకు పడితే ఆసుపత్రిలో చేర్చి గొట్టంతో ఆహారం పట్టవలసిందేనని డాక్టరు గీత గీశాడు. ఆదివారం ఆదివారం తూచే కాటా ఆ పొద్దున నలభై అయిదున్నర చూపింది. ఈ అయిదు నెలలలో ఆయన నోరు తెరిచి అడిగిన తిండి ఒక్కటే: "పండక్కి బాదం బిస్కెట్లు చేస్తారటే?"

చేస్తామని ఆమె మాట ఇచ్చింది.

అమ్మ వంట చెప్పే తీరు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగులో క్రియ లేకపోయినా వాక్యానికి లోటు లేదు. "ఈయన మా నాన్న" అంటే చాలు, వాక్యం నిండుగా ఉంటుంది. అమ్మ ఆ సౌకర్యాన్ని వంటింట్లో పూర్తిగా వాడుకునేది. "రెండు గిన్నెల పిండి, రెండు గిన్నెల బాదం, గిన్నెడు చక్కెర, వెన్న ఒక పొట్లం." అంతే. కలపడం, పిసకడం, కాల్చడం వంటి క్రియలన్నీ ఆమె చేతుల్లోనే ఉండేవి. ఏడాది పొడుగునా రేకుపని చేసే నాన్న ఆ ఒక్కరోజు చెక్కసుత్తితో బాదం పెంకులు కొట్టేవాడు. అక్కచెల్లెళ్ళు పలుకులు ఏరేవారు. బిస్కెట్‌లో పెంకుముక్క పంటికింద పడిందా, ఏరినవాళ్ళకు మరుసటి పండుగ దాకా దెప్పులే.

"ఇంకొంచెం వెన్న వెయ్యక్కా," అన్నది చెల్లెలు, బల్ల మీద రాలిన పొడిని కూడదీస్తూ.

"అమ్మ ఒక్క పొట్లమే అన్నది."

"అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆవిడ మాట ఒక్కటన్నా విన్నావా? పోయాక ఇప్పుడు వేదవాక్కా?"

"ఎక్కువ వేస్తే అది అమ్మ బిస్కెట్ కాదు. నాన్న నోట్లో పెట్టుకోగానే పట్టేస్తాడు. ఒకసారి ఉమ్మేశాడంటే మళ్ళీ ముట్టడు."

"ఇప్పుడు మాత్రం ఏం ముడతాడు? ఇది బిస్కెట్టా, పళ్ళపొడా?"

గ్రాములమ్మకు నవ్వు రాలేదు. అదే రకం పిండి, అదే దుకాణం బాదం, అదే వెన్న పొట్లం. అమ్మ ఇత్తడి గిన్నె కూడా అదే. చివరికి పొట్లం మీది తూకాన్ని సైతం అనుమానించి, కార్ఖానా నుంచి తెచ్చుకున్న పాత త్రాసు మీద పెట్టి చూసింది. వీసమెత్తు తేడా లేదు.

అప్పుడు గోడ పట్టుకుని నాన్న వచ్చాడు. అయిదు నెలలలో ఆయన వంటింటి గడప తొక్కడం అదే మొదలు. ముక్కచెక్కల పళ్ళెం దాచడానికి చెల్లెలు కొంగు చాటు చేసింది గాని, ఆయన చూపు అప్పటికే దానిమీద పడింది. చూసి వెనుదిరగబోయాడు. గ్రాములమ్మ గడపకు అడ్డం వెళ్ళింది.

"ఆగు నాన్నా. ఇంకా అవుతున్నాయి."

ఆయన ఆగాడు. బల్ల మీది గిన్నె అందుకుని, బొటనవేలితో దాని పొట్ట తడిమాడు. ఒక చుట్టు తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"సొట్ట ఏదే?"

"తీయించాను నాన్నా. అమ్మ గుర్తుగా ఉండాలని, మెరుగు పెట్టించి, చక్కగా..." కొలపాత్రకు సొట్ట ఉండడం ఆమె చిన్నప్పటినుంచీ భరించలేకపోయిన సంగతి. అమ్మ ఉన్నన్నాళ్ళూ తాకనివ్వలేదు.

"ఎవరి దగ్గర?"

"బజారులో... ఎవరో."

"ఊరందరి సొట్టలూ తీసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని," అన్నాడు ఆయన, కోపం కూడా చాలని గొంతుతో. "నేనే తీయలేకనా? మా పెళ్ళైన మొదటి పండక్కి చెక్కసుత్తి జారి దీనిమీద పడింది. తీస్తానంటే మీ అమ్మ, ఆ పూట బిస్కెట్లు కుదిరాయి, దాన్ని ముట్టుకున్నావో చూడు, అంది. యాభై ఎనిమిదేళ్ళు ముట్టుకోలేదు."

గ్రాములమ్మ వెన్న పొట్లం వైపు చూసింది. లెక్క ఆమెకు క్షణంలో అందింది: సొట్ట పోయి గిన్నె పెద్దదైంది, పిండీ బాదమూ పెరిగాయి, వెన్న మాత్రం పొట్లంతోనే ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు చీమతల తేడా పట్టుకున్న చెయ్యే ఈ పని చేసింది. "చేతులారా చెడగొట్టాను నాన్నా," అన్నది.

ఆయన చెయ్యి చాచాడు. "సుత్తి," అన్నాడు.

చెల్లెలు తెచ్చి ఇచ్చింది. గిన్నెను ఒడిలో పెట్టుకుని, పాత సొట్టలో తన బొటనవేలు ఎక్కడ పట్టేదో కళ్ళు మూసుకుని వెతికాడు. గురి తప్పితే ఉన్నదీ పోతుంది. కూతుళ్ళిద్దరికీ ఆ సంగతి తెలుసు, అయినా ఆపలేదు. ఒక్క దెబ్బ. వేలు పెట్టి చూసుకుని, పక్కగా ఇంకొకటి వేశాడు.

మూడో విడత ముద్ద నిలిచింది. ఓవెన్ ముందు స్టూలు వేసుకుని ఆయన కదలకుండా కూర్చున్నాడు. కాలిన వాసన వస్తుందేమోనని గ్రాములమ్మ మాటిమాటికీ గాలి పీల్చి చూసింది. పళ్ళెం బయటకు వచ్చాక, చల్లారకముందే ఆయన ఒకటి తీసి కొరికాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. ఆమె ఆయన గొంతు వైపే చూస్తున్నది.

దిగింది.

"ఇంకో దెబ్బ పడాల్సింది. మీ అమ్మవి ఇంత పొడిగా ఉండవు," అన్నాడు.

అని, మరొకటి తీసుకున్నాడు. తరువాతి ఆదివారం కాటా ఏం చూపుతుందో అన్న దిగులు గ్రాములమ్మను అప్పుడే పట్టుకుంది. అయినా సుత్తిని లోపల దాచకుండా, ఆయన చేతికి అందేటట్టు బల్ల మీదే ఉంచింది.