నాయినమ్మను ఎత్తనియ్యని బోనం

మా చిన్నప్పుడు... ఆషాఢం ఎక్కిందంటే సాలు, మా నాయినమ్మ నెత్తి మీద నీళ్ళ కుండ పెట్టుకొని బర్రెల కొట్టంల అటు ఇటు నడుస్తుండె.

పట్నంల పాతబస్తీ, ఛత్రినాకల మా ఇల్లు. ముందట రెండు అర్రలు, ఎనుక కొట్టం, అండ్ల ఐదు బర్రెలు. బస్తీల సగం మందికి నాయినమ్మ పేరే తెల్వదు, 'దూద్‌వాలీ అమ్మా' అనే పిలిచేటోళ్ళు. మస్తు నోరున్న మనిషి. బర్రెలనైనా మమ్మల్నైనా ఒక్కతీరుగనే తిట్టేది.

బోనాలు ఇంక పదిహేను దినాలున్నయనంగ, సాయంత్రం పాలు పిండుడు అయినంక, పోయినేడు బోనం కుండ అటక మీదికెళ్ళి దించేది. నీళ్ళు నింపి, చుట్టబట్ట మీద పెట్టుకొని, రెండు చేతులు వదిలేసి నడిచేది. "ఏడాదికి మెడ మర్చిపోతది బిడ్డా... మళ్ళ యాది చెయ్యాలె" అనేది.

నేను ఎనుకనే నడుస్తు, నేల మీద నీళ్ళ చుక్క పడ్డదా అని చూసేదాన్ని. నా పని గదే. పడితే చెప్పాలె. పడకపోతే నాకో బెల్లంముక్క...

మా బాపుకు పసితనంల అమ్మవారు పోసి, ఇంక దక్కడు అన్నరట. అప్పుడు మొక్కుకున్నది... "నా కొడుకును నాకియ్యి తల్లీ, నా మెడ నిలిచినన్ని దినాలు నీ బోనం నేనే ఎత్తుత" అని. అప్పటిసంది ఒక్క ఏడు తప్పలె. జరమొచ్చినా ఎత్తింది, తాత పోయిన మరుసటేడు కూడ ఎత్తింది.

నేను ఐదో తరగతిల ఉన్న ఏడు... గట్లనే నడుస్తు నడుస్తు గోడ పట్టుకున్నది. కుండ జారి పెంకులు పెంకులైంది. నాయినమ్మ గడ్డిమోపు మీద కూలబడ్డది. ఒళ్ళంత చెమట. జరసేపటికి కండ్లు తెరిచి నా చెయ్యి పట్టుకున్నది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. చెప్తే నన్ను ఎత్తనియ్యరు."

చెప్పనని ఒట్టు పెట్టిన. ఇద్దరం కలిసి పెంకులు ఏరి పెండకుప్పల దాచినం.

రెండు దినాలు ఆగిన. అన్నం సయించలె. ఆ డప్పులల్ల, ఆ జనంల నాయినమ్మ పడిపోతే ఎట్ల అని ఒకటే గుబులు. మూడోనాడు అమ్మ జడేస్తుంటే ఏడుపు ఆగలె... మొత్తం చెప్పేసిన.

ఆ సాయంత్రమే బాపు అన్నడు, "అవ్వా, ఈ ఏడు నీ కోడలు ఎత్తుతది. నువ్వు ఇంట్లనే ఉండు."

లొల్లి లొల్లి చేస్తదనుకున్న. చెయ్యలె. నా దిక్కు ఒక్కసారి చూసి, బర్రెలకు కుడితి పెట్టనీకి పోయింది. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

పండుగనాడు కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, యాపకొమ్మలు కట్టింది. మా బర్రెపాలల్ల బెల్లమేసి అన్నం వండి అండ్ల పోసింది. అన్ని నాయినమ్మనే. అమ్మ నెత్తి మీద బోనం ఎత్తిపెట్టి, "ఫికర్ చెయ్యకు, అడుగు మెల్లగ ఎయ్యి" అన్నది. డప్పులు గల్లీ మలుపు తిరిగేదాక గడపల్నే నిలబడ్డది.

నేను పోలె. ఆమె పక్కనే నిలబడ్డ, తలకాయ కిందికేసుకొని. నా చేతిల ఏదో పెట్టింది. చూస్తే బెల్లంముక్క.

"చుక్క పడితే చెప్పుడే గద బిడ్డా నీ పని... చెప్పినవ్" అన్నది.

గా బెల్లం నేను తినలేకపోయిన.

మళ్ళ ఆషాఢం ఆమె చూడలె. ఎండకాలంలనే పోయింది. ఒక్కోసారి అనుకుంట, చెప్పి మంచే చేసిన అని. ఇంకోసారి... ఆమె ఆఖరి బోనం నేనే గుంజుకున్న అని. ఇన్నేండ్లైనా నాకు తేలలె.

ఇప్పుడు కొట్టం లేదు, ఆ జాగల కిరాయిదార్లు బండ్లు పెడుతున్నరు. పాలు ప్యాకెట్లవే. కుండలు గూడ రంగులేసినయి బజార్లనే దొరుకుతున్నయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు... అందుకే ఈ ఏడు బోనం నేను ఎత్తుతున్న. నిన్న సాయంత్రం మిద్దె మీద స్టీలు బిందె పెట్టుకొని నడిచిన. నీళ్ళు పడుతనే ఉన్నయి. చెప్పనీకి ఎనుక ఎవ్వరు లేరు.

మీ ఇండ్లల్ల బోనం ఎత్తిన పెద్దమనుషులు యాదికొస్తే కింద రాయుండ్రి... ఇంక ఉన్నోళ్ళుంటే, వద్దని కూసోబెట్టకుండ్రి. ఒక పక్క మీరు, ఒక పక్క ఇంకొకరు పట్టుకొని, గల్లీ మలుపు దాకనన్న ఎత్తనియ్యుండ్రి. మా ఇంట్ల అంతమందిమి ఉండి, గా తెలివి ఒక్కరికి రాలె.