తీతువు గుడ్లూ కోరా దుప్పటీ

పుట్టి ఒక్కడు నడిపే పడవ కాదని చాలామంది చెప్పారు. నేను వినలేదు. అది గుండ్రటి వెదురు బుట్ట. అడుగున ప్లాస్టిక్ పట్టాలు కుట్టి తారు పూస్తారు. తెడ్డు పక్కన వేస్తే ముందుకు పోదు, గిర్రున తిరుగుతుంది. నాగలదిన్నె దగ్గర తుంగభద్ర ఒడ్డున నాకు పుట్టి అరువిచ్చిన చేపలాయన, నేను అలా తిరుగుతుంటే కాసేపు కడుపుబ్బా నవ్వుకున్నాడు.

"యాడికి పోతాండావన్నా, ఆడనే తిరుగుతాండావే? తెడ్డు ముందర ఏసి నీ తట్టు లాక్కో" అన్నాడు. నేను నాలుగు బారలు ముందుకు పోయాక మళ్ళీ పిలిచాడు. "పైన డ్యాం కాడ నీళ్ళిడుస్తారంట ఈ వారం. ఏటి రంగు మారిందంటే సామాను ఆడనే ఇడ్సిపెట్టి వచ్చేయ్. నీ డేరా పోయినా పర్లేదు, నా పుట్టి మాత్రం తెచ్చియ్యి."

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. వారమంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని దుప్పట్లు నేస్తాను. ఆదివారమొస్తే కెమెరా పట్టుకుని ఏటికి పోతాను. ఆ కెమెరా ఆదోనిలో ఒక స్టూడియో ఆయనది. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసీ తీసీ విసుగెత్తి అమ్మేశాడు. దాన్ని ఏ పెళ్ళికీ తీసుకుపోనని నేను మొదటిరోజే అనుకున్నాను.

ఈసారి పోతున్నది తీతువు కోసం. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది దీన్ని చూసే పుట్టి ఉంటుంది. దాని కూత ఇంటి మీదుగా వినిపిస్తే మా వీధిలో ముసలివాళ్ళు నోట్లో ముద్ద కూడా ఆపేస్తారు. మా ఆవిడైతే డేరా మూట కడుతున్న నా చేతిని పట్టుకుని, "ఏమన్నా తీసుకో. ఆ పిట్ట బొమ్మ మాత్రం ఇంట్లోకి తేవద్దు సూడు" అంది. ఇంతమంది భయపడే పిట్ట పిల్లను చూసినవాడు మాత్రం మా వీధిలో ఒక్కడూ లేడు. ఎలా ఉంటుందో, గుడ్డులోంచి ఎలా బయటికొస్తుందో అడిగితే అందరూ నా మొహం చూశారు. నాకేమో ఒక ప్రశ్న తలలో దూరిందంటే పోగు చిక్కుపడ్డట్టే, విప్పేదాకా అన్నం సయించదు.

అంతకుముందే, మే నెలాఖరు ఎండల్లో ఏటి మధ్య దిబ్బ మీద గులకరాళ్ళ నడుమ దాని గుడ్లు నాలుగు నా కంటపడ్డాయి. గూడంటూ ఏమీ లేదు, ఉత్త నేల. తల్లి నీటి దాకా నడిచిపోయి, పొట్ట ముంచి, తడి కారుతుండగా వచ్చి గుడ్ల మీద కూర్చునేది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. ఎండాకాలం పోగు తెగకుండా మగ్గం గుంటలో మేమూ నీళ్ళు చల్లుతాం కదా. ఆ రోజు నుంచి అది నాకు అపశకునం పిట్టలా అనిపించలేదు, మా కులం దానిలాగే అనిపించింది.

ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడేసరికి నేలలో ఉన్న పురుగంతా పైకొచ్చింది. దిబ్బకు చేరి డేరా వేసేలోపే జోరీగలు మెడ వెనక ఎక్కడ కుట్టాలో పంచుకున్నాయి. ఆరుద్ర పురుగులు ఎర్రటి మఖమలు ముక్కల్లా తడి ఇసుక మీద నడుస్తున్నాయి. పొద్దుగూకే వేళకు ఉసుళ్ళు లేచాయి. టార్చి వెలిగిస్తే అన్నంలో పడ్డాయి, ఆర్పితే దోమలు. ఇంకొకడైతే తిట్టుకునేవాడే. నేను మాత్రం ఆకుపచ్చటి సన్నరెక్కల పురుగొకటి కెమెరా తెర మీద వాలి, తన ఫొటోనే చూసుకుంటున్నట్టు కూర్చుంటే దాన్నే చాలాసేపు చూశాను.

పొద్దు పొడవకముందే గుడ్ల దగ్గరికి పోయాను. చెవి పెట్టి వింటే ఒక గుడ్డులోంచి సన్నగా టిక్కుటిక్కుమంది. పెంకు మీద చిన్న బీట. ఈ రోజే పిల్ల వస్తుంది. నా లెన్సు పొట్టిది, దగ్గర్లో కూర్చోక తప్పదు. దానికి నేనొక ఉపాయం చేసుకొచ్చాను. బజారులో దొరికే పచ్చ వలలకు పిట్టలు బెదురుతాయి. నేను నేసిన కోరా దుప్పటైతే అచ్చం ఇసుక రంగు. మగ్గం మీద నుంచి కోసిందే, ఇంకా నీళ్ళు తగల్లేదు. నాలుగు వెదురు బద్దలు పాతి దాన్ని కప్పి, ఒక చిల్లిలోంచి లెన్సు బయటపెట్టి లోపల కూర్చున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఇళ్ళల్లో నేసిన బట్టను మేం తడపం. పడుగు పోగులకు పట్టించిన గంజితోనే, ఆ బిరుసుతోనే అంగడికి పోతుంది. మొదటిసారి ఉతికేది కొన్నవాళ్ళే. తరాలుగా బట్ట నేస్తున్నా తడిసిన కోరా బట్ట ఎలా ఉంటుందో మాకు తెలియదంటే నమ్మరు. ఆ ఉదయం నాకు తెలిసింది. తుంపర మొదలైంది. దుప్పటి మెత్తబడి పులిసిన గంజి వాసన కొట్టింది. నన్ను చూసి లేచిపోయిన తల్లి తీతువు అప్పటికే కూతలు మాని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. నా చుట్టూ మాత్రం సంత మొదలైంది. కీచురాళ్ళు వచ్చి బట్ట అంచు కొరికాయి. పేరు తెలియని నల్ల పురుగులు పైకెక్కాయి. వాటి కాళ్ళ నీడలు లోపలికి కనపడుతుంటే వాటినీ ఫొటో తీశాను. ఎర్రచీమలు వరస కట్టి వచ్చాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని ఆ వరస వెంబడే కంటితో వెనక్కి పోయాను. తుంగ దుబ్బుల వెనక నుంచి, రాళ్ళ సందుల్లోంచి, గుడ్ల పక్కగా.

అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు.

తల్లి లేచింది. కాళ్ళు పొడుచుకుంది. కూర్చుంది. మళ్ళీ లేచింది. పిల్ల వచ్చే వేళకు తల్లికి ఆత్రంగా ఉందనుకుని సంబరంగా ఫొటోలు తీశాను. ఒకదాన్ని తెర మీద పెద్దది చేసి చూశాను. బీట చుట్టూ ఎర్రటి చుక్కలు. ఇంకా పెద్దది చేశాను. చుక్కలకు కాళ్ళున్నాయి. బీట లోపల చిన్న ముక్కు కొస కదులుతోంది. చీమలు దాని పక్కనుంచే లోపలికి పోతున్నాయి.

గంజి పెట్టి పిలిచింది నేనే. వచ్చిన అతిథులకు దారిలో ఇంకో విందు దొరికింది.

మెడలో కెమెరాతోనే దుప్పటి తోసుకుని బయటికొచ్చాను. తల్లి లేచి నా నెత్తి మీద అరుస్తూ దూకింది, తండ్రి పిట్ట ఎక్కణ్ణుంచో వచ్చి కలిసింది. ఇంట్లో చీమలు పడితే ఏం చేస్తామో చేతికి అదే తోచింది. వంట సంచిలోంచి పసుపు తెచ్చి గుడ్ల చుట్టూ చల్లాను. తుంపరకు అది క్షణంలో ఇసుకలో కలిసిపోయింది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. రోజూ తెగిన పోగులు ముడేసే వేళ్ళు ఇవి. గుడ్డుకు తగలకుండా ఒక్కొక్క చీమనూ గోటి కొసతో ఏరాను. లోపలికి పోయినవాటిని ఏం చేయాలో తెలియలేదు. మిగతా మూడు గుడ్లకు బీటలు లేవు. ఏరిన కొద్దీ వస్తున్నాయి. ఆ దుప్పటి అక్కడున్నంత కాలం వస్తూనే ఉంటాయి.

దాన్ని బద్దలతో సహా పెరికి, మీద వేల చీమలతో, ఇసుక మీద ఈడ్చుకుంటూ పోయాను. వరస తడబడి దాని వెనకే తిరిగింది. నీటి దాకా లాగి, పుట్టిలో పడేసి, నేనూ ఎక్కి ఏటి నడుమకు పోయాను. చీమలన్నీ నా మీదికి ఎక్కాయి. చంకల్లో, చెవుల వెనక, చెప్పుకోలేని చోట్లలో కుట్టాయి. దుప్పటి నీళ్ళలో ముంచితే గంజి తెల్లగా సాగి పోయింది. పుట్టి తన పాటికి తాను తిరుగుతోంది. ఏటి రంగు కూడా ఎర్రబడుతోంది, నేను పోవాలి. డేరా అక్కడే ఉంది. పోలేకపోయాను.

తల్లి చాలాసేపు రాలేదు. ఇక రాదేమోనని భయమేసింది, నిజంగా ఏడుపొచ్చింది. నేను చూడాలనుకోకపోతే ఆ పిల్ల ఈపాటికి బయటికొచ్చి ఉండేది. చివరికి వచ్చింది. గుడ్ల దగ్గర ఆగి, కిందికి చూసి, రెండు మూడుసార్లు నేల పొడిచి కూర్చుంది. కొంతసేపటికి నోట్లో ఏదో పట్టుకుని లేచింది. ఏటి మీదికి ఎగిరొచ్చి, నా పుట్టికి కొంచెం దూరంలో దాన్ని వదిలేసి పోయింది.

తెడ్డుతో దగ్గరికి లాక్కున్నాను. సగం పెంకు. లోపల తడిగా ఉంది. రెండు చీమలు అంటుకుని ఇంకా కదులుతున్నాయి. పిల్ల బతికి వస్తే పెంకు పారేసిందో, చచ్చిందని పారేసిందో పెంకు చెప్పదు. కెమెరా ఎత్తి దిబ్బ వైపు చూద్దామంటే పుట్టి తిరిగి అవతలి ఒడ్డు చూపించింది. తెడ్డు వేసి ఆపి, మళ్ళీ ఎత్తి, తెర మీద దిబ్బను పెద్దది చేశాను.

తల్లి నిలబడి ఉంది. దాని పొట్ట కింద నాలుగు కాళ్ళున్నాయి. రెండు పొడుగ్గా, పసుపుపచ్చగా. రెండు దారప్పోగుల్లా, వణుకుతూ.