మక్క చేనులో మిరియం

ఒక్క చిన్న అబద్ధం నన్ను ఎలుగుబంటి వేషంలో కోతుల మధ్య కూర్చోబెట్టింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా చుట్టాలంతా ఎలాగూ నవ్వేశారు, మీకు మాత్రం ఎందుకు తక్కువ చేయాలి?

మాది హనుమకొండలో బట్టల దుకాణం. పదో తరగతి నుంచి నా నోటుపుస్తకాల వెనక పేజీల్లో ఒక ఎలుగుబంటి ఉంటోంది. పేరు మిరియం. రెండు కాళ్ళ మీద నడుస్తుంది, జుంకాలు పెట్టుకుంటుంది, ఎవరితోనైనా గలగలా మాట్లాడుతుంది. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని నేను లోపల ఎలా ఉంటానో, అదే మిరియం. ఇలా తమకో జంతువు రూపం కల్పించుకుని బొమ్మలు గీసుకునేవాళ్ళను ఫర్రీలంటారని ఫోన్లో చూసిన రోజు ఎగిరి గంతేశాను. నాలాంటి పిచ్చివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట! పోయినేడు వాళ్ళంతా హైదరాబాదులో ఓ ఆదివారం మూడింటికి కలుద్దామన్నారు. ఇక ఆగుతానా? దుకాణంలో మిగిలిన బొచ్చు దుప్పట్లతో తల నుంచి పాదాల దాకా మిరియం వేషం కుట్టేశాను.

ముందురోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పెద్దనాన్న వచ్చాడు. నా మంచం మీది మిరియం తలను చూసి ఉలిక్కిపడ్డాడు.

“గిదేంది బిడ్డా?”

నిజం చెప్పొచ్చు కదా! ఇంత వయసొచ్చి బొమ్మలాటలేమిటంటాడని భయం. మా వైపు ఊళ్ళలో కోతులను తరమడానికి మనిషికి ఎలుగుబంటి వేషం వేసి చేనులో తిప్పుతారు. అది గుర్తొచ్చి, “నీ మక్క చేన్ల కోతులను ఎల్లగొట్టెటందుకు, పెద్దనాన్నా!” అనేశాను.

ఆయన కళ్ళు చెమర్చాయి. “సూశినవా తమ్మీ,” అన్నాడు మా నాన్నతో, “నా బిడ్డ నా చేను సుత మర్వలే! రేపు పొద్దుగాల్నే తీస్కపోత.”

మిరియాన్ని ఇంకెవరో వేసుకుంటే నా ప్రాణం పోదూ? “నేనే ఏస్కుంట,” అన్నాను. పొద్దున చేను, పదకొండింటికి అక్కడి నుంచే హైదరాబాదు రైలు. ఎంత తెలివో చూడండి!

ఆదివారం తొమ్మిదింటికి చేనులో దిగాను. గట్టు మీద పెద్దనాన్న, పెద్దమ్మ, సగం ఊరు. చేతులెత్తి “గుర్ర్” అనగానే కోతులన్నీ చింతచెట్టెక్కాయి. ఈలలే ఈలలు! ఆనందం పట్టలేక చిందులేశాను. అక్కడే చెడింది. పెద్ద నీలికళ్ళు, చెవి నుంచి చెవి దాకా నవ్వు, పైగా జుంకాలు. ఆ ముఖానికి ఎవరు భయపడతారు? ఓ ముసలి కోతి దిగొచ్చి, నా చుట్టూ తిరిగి చూసి, నా వెనక కూర్చుని వీపు బొచ్చులో పేలు వెతకసాగింది. ఓ పిల్లకోతి ఒళ్ళో చేరి మొక్కజొన్న కంకి తింటోంది.

“ఏం చేస్తాన్నవ్ బిడ్డా? బెదిరియ్యి!”

“బెదిరిస్తాన్న పెద్దనాన్నా! అవ్వే ఇంటలేవు!”

“బెదిరియ్యమంటె చుట్టరికం కలుపుకుంటాన్నవ్!”

“అయ్యో, పిల్లను పట్టుకున్నయ్, కట్టె తే!” అని పెద్దమ్మ కేక.

పెద్దనాన్న కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. ముసలి కోతి జుంకాతో సహా మిరియం చెవి పట్టి లాగుతోంది. రైలుకు గంటే ఉంది. ఇక తట్టుకోలేక తల ఊడబీకి అరిచాను.

“కొట్టకు పెద్దనాన్నా! ఇది కోతుల కోసం కుట్టింది కాదు! ఇది నేను! నా లోపటి నేను! పట్నంల నా దోస్తులు ఎదురు సూస్తాండ్రు!”

ఊరి ముందు అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు. ఎంత హాయిగా ఉందో!

మరి కోతులు? ఎలుగుబంటి తల ఊడింది. లోపలి నుంచి కందగడ్డలాంటి ముఖం, నిక్కబొడుచుకున్న జుట్టు, గడ్డం దాకా కారిన కాటుక బయటికొచ్చాయి. ముసలి కోతి ఒక్కసారి చూసి కెవ్వుమంది. మంద మొత్తం చెట్టు దాటి, కాలువ దాటి, పక్కూరి పొలిమేరలోకి పారిపోయింది.

పెద్దనాన్న కట్టె పడేశాడు. “నీదైతే నీదని చెప్పొద్దా బిడ్డా? నేనేమన్న కొరుకుతనా? బండెక్కు, రైలు పోతది!”

అందుకున్నాను! హైదరాబాదులో ఓ తోడేలు, ఓ నెమలి, రెండు పిల్లులతో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పోయింది.

వారం తిరక్కుండానే పెద్దనాన్న ఫోను.

“కోతులు మళ్ల ఒచ్చినయ్ బిడ్డా. జర ఆదివారం రా.”

“మిరియాన్ని తేవాల్నా?”

“ఆ పిల్ల ఎందుకు, పాపం, మంచిగ నవ్వుతది. నువ్వు ఉత్త మొఖంతోని రా, సాలు.”

అందుకే మిరియం తల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: అది ఎవరని ఎవరడిగినా నేనేనని చెబుతాను. కాటుక పెట్టుకుని మాత్రం ఏ కోతి ముందూ తల తీయను గాక తీయను.