మీసాలోడే దొంగ

పోలమ్మకి ఉన్న పిచ్చి ఒక్కటే. మలేషియాలోని బాగన్ దాతుక్‌లో తెలుగువాళ్ళ మధ్య ఏ వస్తువు కనబడకుండా పోయినా సరే, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, టీ పోయించి, గొడుగెత్తి దొంగ ఎవరో చూపిస్తుంది. ఆమె తమ్ముడు అప్పడికి ఉన్న బాధా ఒక్కటే. పదకొండేళ్ళుగా ఆ గొడుగు మొన వచ్చి ఆగేది అతని ముక్కు ముందరే.

దీనికంతటికీ మూలం ఒక ఇంగ్లీషు నవల. పోలమ్మ కొబ్బరి ఎస్టేటు ఆఫీసులో ముప్పైరెండేళ్ళు టైపిస్టుగా చేసింది. ఆఫీసు ఎత్తేసిన రోజు అందరూ కుర్చీలు, ఫ్యాన్లు పట్టుకుపోతే ఆమె బీరువా అడుగున దొరికిన ఒక లావు పుస్తకం తెచ్చుకుంది. అట్టతోపాటు మొదటి నాలుగు పేజీలు చెదలు తినేశాయి గనక దాని పేరేమిటో, రాసిందెవరో ఈనాటికీ ఎవరికీ తెలియదు. అందులో విక్టోరియా రాణి కాలపు లండన్ ఉంది, పొగమంచు ఉంది, మాయమైన పచ్చల హారం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా మిస్ విల్మా ఉంది. ఆడవాళ్ళు గడప దాటితే మూర్ఛపోయే కాలంలో ఆమె సైకిలెక్కి ఊరంతా తిరుగుతుంది. పెళ్ళి చేసుకోమన్న ముగ్గురు జమీందార్లని గుమ్మంలోంచే పంపించేస్తుంది. పోలీసు అధికారికి ఎదురుపడి నీ టోపీ బాగుంది, దాని కింద ఏమైనా ఉందా అని అడుగుతుంది. పోలమ్మ ఆమెకి విల్లమ్మ అని పేరు పెట్టేసుకుంది. మన విల్లమ్మ అంటే ఊళ్ళో కొత్తవాళ్ళు ఎవరో మేనత్త అనుకునేవాళ్ళు.

పోలమ్మ కూడా పెళ్ళి చేసుకోలేదు. విల్లమ్మలాగే పాదాల దాకా నల్ల గౌను ఒకటి కుట్టించుకుంది. పెరాక్ రాష్ట్రపు ఎండలో ఆ గౌను, దానిమీద నల్ల గొడుగు, సైకిలుకి బదులు పాత మోటారుసైకిలు. అరవైనాలుగేళ్ళ మనిషి అలా రోడ్డెక్కితే లారీవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. గౌను చక్రంలో పడుతుందని పోలీసు ఒకాయన ఆపి చెప్పబోతే, ఆయన టోపీ కింద ఏముందో అడిగింది. జరిమానా కట్టడానికి అప్పడు వెళ్ళాడు.

మొదటి కేసు తెలుగు సంఘం మైకు. అది పోయిన రోజు మధ్యాహ్నమే పోలమ్మ అందర్నీ హాలుకి పిలిపించింది. గంటసేపు లండన్ పొగమంచు గురించి చెప్పి, గొడుగెత్తింది.

"దొంగ వీడే," అంది.

"నానేటి సేసినానక్కా?" అన్నాడు అప్పడు.

"మీసాలున్నాయి గదా."

"మీసాలుంటే దొంగేనేటి?"

"మన విల్లమ్మ పుస్తకంలో మీసాలోడే తీసినాడు. సివరాకర్ని తేలతాది."

పావుగంట గడిచిందో లేదో, మైకు దాని పెట్టెలోనే దొరికింది. పొద్దున్నుంచీ ఆ పెట్టెని పదిమంది వెతికారు. పోలమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "బయపడి తిరిగి పెట్టేసినాడు," అంది.

"నాను నీ ముందరే కూకున్నాను గదా. ఎప్పుడు పెట్టినాను?"

"అదే నీ తెలివి."

తర్వాత వంటశాల పెద్ద గంటె పోయింది. దొంగ అప్పడు. గంటె దొరికింది. రెంగసామి కొత్త గొడ్డలి పోయింది. దొంగ అప్పడు. గొడ్డలి దొరికింది. దీపావళి నాటకానికి తెచ్చిన రాజుగారి కిరీటం పోయినప్పుడు అప్పడు ఈపోలో కంటి ఆపరేషన్ చేయించుకుని, కళ్ళకి గంతలతో మంచం మీద ఉన్నాడు. అయినా పోలమ్మ ఫోన్లో స్పీకరు పెట్టించి మరీ అతన్నే దొంగ అంది. ఊరికి ఇదంతా ఓ సరదా అయిపోయింది. అప్పడు నడిపే బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే, "ఎక్కడో ఏదో పోయినట్టుంది," అనుకునేవాళ్ళు.

విసుగెత్తి అప్పడు ఒకరోజు మీసం తీసేశాడు. అద్దంలో చూసుకుంటూ ఇక పీడ వదిలిందనుకున్నాడు. భార్య కామాచ్చి చూసి, "ఇప్పుడు మీ మొగం నిజంగానే దొంగ మొగం లాగుంది," అంది. సాయంత్రానికి పోలమ్మ కూడా చూసింది.

"సాచ్చికం సెరిపేసినాడు," అంది.

అలాంటి అప్పడికి ఈ సంవత్సరం శ్రీరామనవమికి అదృష్టం పట్టింది. రామమందిరంలో సీతమ్మవారి కల్యాణానికి ముందు ఆడపెళ్ళివారి పెద్ద ఒకాయన మంగళసూత్రం పళ్ళెం పట్టుకుని జనం మధ్య తిరుగుతాడు. అందరూ తాళిని తాకి దండం పెడతారు. తాతలనాటి నుంచీ వస్తున్న పద్ధతి అది. అప్పడి తండ్రి బతికుండగా ఒక్కసారి ఆ పళ్ళెం పట్టాడు. అప్పటికి అప్పడికి తొమ్మిదేళ్ళు. తండ్రి చేతులు వణకడం, తన వంక చూసి నవ్వడం ఇంకా కళ్ళకి కట్టినట్టే ఉంది అతనికి. యాభై ఏళ్ళు ఆగాక, మందిరం ప్రెసిడెంటు సుప్పయ్య వచ్చి ఈసారి పళ్ళెం నీదే అప్పడూ అన్నాడు. అప్పడు కొత్త పంచె కొని ఇస్త్రీ చేయించి, దాన్ని నాలుగుసార్లు విప్పి చూసుకుని మళ్ళీ మడత పెట్టాడు.

నవమి పొద్దున పదింటికి, పన్నెండింటి ముహూర్తం పెట్టుకుని, సూత్రంలో ఒక బొట్టు లేదని తేలింది. తెలుగువాళ్ళ తాళికి రెండు బంగారు బొట్లు కదా, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. పళ్ళెంలో ఒక్కటే ఉంది. సుప్పయ్య ముఖం పాలిపోయింది. గుడి నగల పని చూసే లెచ్చుమి గుండెలు బాదుకుంది. సీతమ్మ తాళే దొంగిలించారంటే ఈ ఊరు బాగుపడదంది. పొద్దున నగలు చింతపండుతో తోమింది ఆమె కోడలు సుగంధి. నాలుగు నెలల క్రితం క్లాంగ్ నుంచి వచ్చిన తమిళపిల్ల. "అది తోమినప్పుడు రెండూ ఉన్నాయి, నాను సూసినాను," అని లెచ్చుమే చెప్పింది. లేకపోతే అందరూ ఆ పిల్ల మీదే పడేవాళ్ళు. ఈ పిల్లకి మన పద్ధతులు ఒక్కటీ తెలీవు అని పెళ్ళైన మర్నాటి నుంచీ ఊరంతా చాటింది కూడా ఆ లెచ్చుమే.

అప్పడికి మాత్రం బొట్టు కంటే ముందు గొడుగు గుర్తొచ్చింది. ఒక్క పరుగున అక్క దగ్గరికి వెళ్ళాడు. పోలమ్మ అప్పటికే భూతద్దం పట్టుకుని గర్భగుడి మెట్లు, అరటి పిలకలు, పక్కనే పైడమ్మ తల్లి చిన్న గుడి అన్నీ చూసి వస్తోంది.

"అక్కా, నీకు దండవెడతాను. ఈ ఒక్కసారికి నన్ను వదిలీ. సరదాకైనా నా పేరెత్తినావంటే సుప్పయ్య పళ్ళెం ఇవ్వడు. సీతమ్మ తాళి మీద మాటొచ్చినోడికి ఎవులిస్తారు?"

పోలమ్మ భూతద్దం దించి అతని ముఖం వంక చూసింది.

"సూద్దాం," అంది. ఆ తర్వాత గొంతు పెంచి, "అందరూ భోజనాల హాల్లోకి నడండి. గుడికాడ ఒక్కరుండకూడదు. సుగంధీ, నువ్వెల్లి టీ కలిపి తే అమ్మా," అంది.

అందరూ కూర్చున్నారు. పోలమ్మ గౌను సర్దుకుని మొదలుపెట్టింది. పొగమంచు అయింది. పచ్చల హారం అయింది. రెంగసామి మీద అనుమానం చెప్పి తీసేసింది. పూజారి మీద చెప్పి తీసేసింది. సుప్పయ్య మీద చెప్పేసరికి ఆయన లేచి నిలబడ్డాడు, అదీ తీసేసింది. ఇరవై నిమిషాలైనా గొడుగు ఎటూ తిరగలేదు. అప్పడు తల దించుకుని కూర్చున్నాడు. మాట నిలబెట్టుకుంటోంది అక్క అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది.

అంతలో లెచ్చుమి, "టీకెళ్ళిన పిల్ల ఏదీ? ఏ పనీ సరిగ్గా రాదు దానికి. నానే ఎల్లి సూస్తాను," అని లేవబోయింది.

అప్పడు అనుకోకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. సుగంధి వంటశాలలో లేదు. పైడమ్మ గుడిలో ఉంది. అమ్మవారి మెడలో మూడు పూలదండలు పక్కకి జరిపి, కింద పసుపుతాడు ముడి విప్పుతోంది. ముడి ఎంతకీ రావడం లేదు. ఆ తాడు చివర ఎండకి ఒక్క క్షణం మెరిసింది సీతమ్మ బొట్టు.

అప్పడి బుర్ర ఎప్పుడూ అంత వేగంగా తిరగలేదు. మైకు పోయిన రోజున టీ తెచ్చింది ఎవరు? ముగిలన్. సంఘంలో చెప్పకుండా మైకు తీసుకెళ్ళి పాటలు పాడుకునే ముగిలన్. గంటె పోయినరోజు టీ తెచ్చింది వంటావిడ చెల్లెలు. గొడ్డలి నాడు టీ తెచ్చింది రెంగసామి సొంత అల్లుడు. పదకొండేళ్ళుగా ఊరంతా తన మీసాల వంక చూసి నవ్వుతుంటే, వెనకాల ఎవరో ఒకరు గుట్టుగా వస్తువు దాని చోట పెట్టేసి తలెత్తుకుని తిరిగారు. అక్క ఎవరిని టీకి పంపితే వాళ్ళే దొంగ.

అతను అక్క వంక చూశాడు. ఆమె అతని వంకే చూస్తోంది. గొడుగు సగం లేచింది. మళ్ళీ దిగిపోయింది. అనుమానం చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు ఆమెకి. లెచ్చుమి గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పడికి ఇస్త్రీ పంచె గుర్తొచ్చింది. తండ్రి గుర్తొచ్చాడు. లేచి నిలబడ్డాడు.

"మీసాల సంగతి మర్సిపోయినావేటక్కా? నానే తీసినాను."

లెచ్చుమి గుమ్మంలోనే ఆగి వెనక్కి వచ్చి కూర్చుంది. ఇలాంటిది వదులుకునే మనిషి కాదు ఆమె.

"ఎలా తీసినావు?" అంది పోలమ్మ.

ఇక అప్పడు అందుకున్నాడు. కొబ్బరిచెట్టెక్కి, గుడి కప్పు మీదికి దూకి, పొగమంచులో దిగానన్నాడు. బాగన్ దాతుక్‌లో పొగమంచు ఎక్కడిదిరా అన్నాడు రెంగసామి. అగరొత్తుల పొగ అన్నాడు అప్పడు. కప్పుకి కన్నం లేదే అన్నాడు పూజారి. తర్వాత పూడ్చేశానన్నాడు. సిమెంటు ఎక్కడ కొన్నావని సుప్పయ్య అడిగాడు. ధర దగ్గర ఇద్దరికీ పడలేదు. పదినిమిషాలు ఇలాగే నడిచింది.

టీ వచ్చింది. సుగంధి నుదుటి మీద చెమట, వేళ్ళకి పసుపు. ముహూర్తం దగ్గరపడిందని గుడికి వెళ్ళిన పూజారి అక్కణ్ణుంచి కేకేశాడు. బొట్టు అక్షింతల గిన్నెలో ఉంది.

అందరూ అప్పడి వంక తిరిగారు. సుప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "దొరికింది, సంతోషం. గాని అప్పడూ, నువ్వే ఒప్పుకున్నావు గదా. పళ్ళెం ఇంక నీకెలా..."

"ఆగు సుప్పయ్యా," అంది పోలమ్మ. గొడుగు మూసి గోడకి ఆనించింది. "బొట్టు అక్షింతల్లో జారి పడింది. దొంగతనమే నేదు. నాను పొరబడ్డాను. నా పోరు పడలేక ఎర్రోడు ఒప్పేసుకున్నాడు."

పోలమ్మ నోట పొరబడ్డానన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ముందు లెచ్చుమి నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. విల్లమ్మ సైకిలు పంచరైందని ఎవరో అన్నారు. పోలమ్మ చెవులు ఎర్రబడ్డాయి గాని, తల దించలేదు. ఆ మాట అనడం ఆమెకి ఎంత కష్టమైందో అక్కడ ఒక్క అప్పడికే తెలుసు.

కప్పులు కడుగుతున్నప్పుడు అతను సుగంధిని మెల్లిగా అడిగాడు. "మా ఇంట్లో తాళికి ఒకటే ఉంటాది, మామా," అంది ఆ పిల్ల, మాటలు వెతుక్కుంటూ. "రెండోది పోయినేడుది అనుకున్నాను. పైడమ్మకి మెడ బోసిగా ఉంది. అందుకని కట్టినాను. తర్వాత అందరూ దొంగ, దొంగ అన్నారు. నోరు రాలే. పోలమ్మత్త నా వేళ్ళకి పసుపు సూసి ఏం అడగలే. టీ కలపమని సెప్పి, టైం ఇస్తాను పో అంది."

పన్నెండింటికి అప్పడు కొత్త పంచె కట్టుకుని పళ్ళెం పట్టాడు. చేతులు తండ్రి చేతుల్లాగే వణికాయి. లెచ్చుమి తాకింది, రెంగసామి తాకాడు. సుగంధి దగ్గరికి వచ్చేసరికి అతను ఆగాడు. అందరికీ వినబడేటట్టే చెప్పాడు.

"ఇది పుట్టింటిది, ఇది అత్తింటిది. రెండూ ఉండాల తల్లీ. ఒకదాని కోసం ఒకటి తీసీకూడదు."

సుగంధి రెండు బొట్లనీ తాకి కళ్ళకి అద్దుకుంది. లెచ్చుమి ఏమనుకుందో గాని, జరిగి పక్కన చోటిచ్చింది. నెల తిరక్కుండా పైడమ్మ మెడలోకి సొంత తాళి వచ్చింది. ఎవరు చేయించారో తెలియదని పూజారి అన్నాడు. పోలమ్మ ఆ కేసు తీసుకోలేదు.

అప్పడికి మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. ఇంగ్లీషు బాగా వచ్చిన కూతురు మేనకని కూర్చోబెట్టి, అక్క దగ్గర తెచ్చుకున్న ఆ నవల చివరి భాగం చదివించుకున్నాడు. పచ్చల హారం తీసింది గడ్డం, మీసం నున్నగా గీసుకునే జడ్జిగారు. మీసాలాయన విల్లమ్మ పెట్టెలు మోసే మనిషి. పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు.

"మీసాలోడు దొంగ కాడంట గదా."

పోలమ్మ మోటారుసైకిలు గొలుసుకి నూనె వేస్తోంది. తలెత్తలేదు.

"కాడు. ఆ పుస్తకం మొత్తంలో విల్లమ్మ నమ్మినోడు ఆడొక్కడే."

అప్పడు పుస్తకాన్ని పంచె చెంగుతో తుడిచి అక్క పక్కన పెట్టాడు.

"మీసం పెంచు," అంది పోలమ్మ. "దీపావళొస్తంది. వంటశాలలో అప్పుడే గరిటె ఒకటి కనబడ్డం నేదు."

మర్నాడు పొద్దున్న అప్పడు అద్దం ముందు గడ్డం గీసుకున్నాడు గాని, మీసం జోలికి పోలేదు.