సొంత గడప ముందు

కరువుకు తాళలేక ఆ నేతగాని కుటుంబం కృష్ణ అవతలి నుంచి గద్వాలకొచ్చింది. సంస్థానం వాళ్లు తక్కువ కిరాయికి ఇల్లిచ్చిండ్రు. అయినా ఆయన రోజూ సొంత గడప ముందు ఆగి, "లోపలికి రావచ్చునా?" అని అడిగేవాడు. భార్య నవ్వి, "మనిల్లే, రా!" అనేది.

నేను వాళ్ల పక్కింటోణ్ని. ఒకనాడు వాళ్లింట్ల జొన్నరొట్టె తింటుంటే ఆయన బయట నుంచి అట్లనే అడిగిండు; నా కాలేజీ చదువు వృథా పోవద్దని ఆమె కన్న ముందు నేనే జవాబిచ్చిన: "ఇల్లు సంస్థానం వాపసు తీసుకున్నది, పోవయ్యా!"

ఆయన లోపలికొచ్చి, మగ్గం తాళ్లు విప్పుడు మొదలుపెట్టిండు.

"అయ్యో, పరాచికానికన్న!"

"హౌదు, నిజమే దొరా. ఆ ఊర్ల గూడ ఇల్లు ఖాళీ చెయ్యమని మొదలు నవ్వుకుంటనే చెప్పిండ్రు."

తాళ్లు మళ్లీ కట్టిందాక ఒక కొస నేనే పట్టుకున్న. తర్వాత ఎప్పుడు పోయినా గడప బయటనే ఆగి, "రావచ్చునా?" అని అడిగేవాణ్ని.

"మీ ఇల్లే దొరా, రండి," అనేవాడు. ఆ మాట నాకింకా అరగలేదు.