నలభై మూడు ఇంజన్ల ప్రేమానందం గారు

మా ఆయన ప్రేమానందం గారు కొత్త వస్తువు వాడేవారు కాదు. కొనేవారు, పదిమందికీ చూపించేవారు, మళ్ళీ కవర్లో పెట్టి అలమరలో దాచేసేవారు. వాడటం మాత్రం లేదు. "వాడితే పాతదైపోద్ది గదా!" అనేవారు, ఆ సంగతి ప్రపంచంలో తనొక్కడికే తెలిసినట్టు.

ఎనిమిదేళ్ళ కిందట విజయవాడలో ఒక గొడుగు కొన్నారు. మరుసటి వారమే పెద్దవాన. గేటు చప్పుడైతే వెళ్ళి చూద్దును గదా, మనిషి నిలువునా తడిసి ముద్దయిపోయి ఉన్నారు. గొడుగు మాత్రం చొక్కా లోపల, పొట్టకి అదుముకుని భద్రంగా ఉంది.

"ఏవండీ, గొడుగు పెట్టుకుని తడవటమేంటి?"

"కొత్తది మణీ! మొదటి వానకే తీసేస్తామా ఏంటి? ఇప్పుడేం తొందర?"

ఇప్పుడేం తొందర. ఆ మాట నా పెళ్ళైన నాటి నుంచి వింటున్నాను. చొక్కాకి అదే మాట, చెప్పులకి అదే మాట. మిక్సీ కొని ఆరేళ్ళైనా అట్టపెట్టె విప్పనివ్వలేదు. నేను రోట్లో పచ్చడి నూరుతుంటే ఆయన ఆ మిక్సీ పెట్టె మీదే కూర్చుని, "రోటి పచ్చడి రుచే వేరు" అని మెచ్చుకునేవారు.

మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి చుట్టాలు స్టీలు సామాను పెట్టారు. జగ్గయ్యపేట బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడున్నాడు. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. నా పేరు ఎక్కడన్నా చెక్కి ఉంటే చూసుకోవాలని సరదా. "ఒక్క గ్లాసు మీదన్నా దేవమణి అని కొట్టించండి" అని అడిగాను.

"పేరు కొట్టిస్తే ఇంక అది మనదే. ఎవరికీ ఇవ్వడానికుండదు" అన్నారు.

"ఎవరికిస్తారు మీరు?"

"ఏమో, ఎవరొస్తారో మనకేం తెలుసు?"

ఆ గ్లాసులు ఇప్పటికీ కాగితం చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. పిసినారితనానికి ఇదొక వంక అనుకున్నాను అప్పట్లో.

ఆయన ఉద్యోగం కూడా ఆయనకి తగ్గట్టే కుదిరింది. హైవే పక్కన లారీ స్పేర్ పార్టుల కొట్టులో ముప్ఫై ఏళ్ళు స్టోర్స్ చూశారు. సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే లారీలన్నీ ఆ కొట్టు ముందే ఆగేవి. నేను క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడల్లా ఏదో ఒక తగువు నడుస్తుండేది.

"స్టోర్స్ గారూ, క్లచ్ ప్లేటు ఇవ్వండి. అర్జెంటు."

"పాతది పట్టుకురా."

"అది అరిగిపోయిందండీ బాబూ!"

"ఎంత అరిగిందో చూస్తా. పట్టుకురా."

"తుక్కుని ఏం చేసుకుంటారండీ? పటం కట్టించుకుంటారా?"

"పాతది నా చేతిలో పడితేనేరా, కొత్తది నీ బండిలో సరిగ్గా పడుద్దని నాకు నమ్మకం. వెళ్ళు, వెళ్ళు."

డ్రైవర్లు తిట్టుకుంటూ వెళ్ళేవారు, మళ్ళీ ఆయన కోసమే వచ్చేవారు. ఊళ్ళో అందరికీ ఆయన స్టోర్స్ ప్రేమానందం. చర్చిలో పాస్టరు గారు కూడా ఆ పేరుతోనే పిలిచేవారు.

మూడేళ్ళ కిందట ఆయన రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పెద్ద డాక్టరు గారు నెమ్మదిగా నచ్చజెబుతూ, "కొత్త కిడ్నీ పెట్టించుకునే ఆలోచన ఏమైనా ఉందా?" అని అడిగారు. మా ఆయన అలవాటు కొద్దీ, "కొత్తదాండీ? ఇప్పుడేం తొందర?" అన్నారు. డాక్టరు గారు పగలబడి నవ్వారు. నేను బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అప్పటి నుంచి సోమ, బుధ, శుక్రవారాలు నందిగామ ప్రయాణం. అక్కడ రక్తం కడిగే మిషను మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. ఒక చేతికి రెండు లావుపాటి సూదులు. వెంట వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు. నేను వరండాలో బల్ల మీద కూర్చునేదాన్ని.

మా అమ్మాయి మహిమ విజయవాడలో నర్సు. "నాన్నా, సూదుల్లేని చెయ్యి ఖాళీయే గదా" అని ఒక టాబ్ కొని, అందులో ఒక ఆట ఎక్కించి ఇచ్చింది. ఆకాశంలో ఓడలు నడిపే ఆట. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో ఒకేసారి ఆడతారట. చేరిన ప్రతివాళ్ళకీ మొదట ఒక డొక్కు ఓడ ఇస్తారు. దాంతో గ్రహాల మధ్య రాళ్ళు మోస్తే కొత్త ఇంజను వస్తుంది, కవచం వస్తుంది, తుపాకి వస్తుంది. అవి ఆటలోనే ఉండే షెడ్డులో బిగించుకుంటే ఓడ బలపడుతుంది. వాటిని అప్‌గ్రేడ్‌లంటారట.

రాళ్ళు మోయడమనగానే మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "ఇది మన సున్నపురాయి తోలకమే మణీ, రోడ్డొక్కటే లేదు" అన్నారు. ఆయన ఎంత మోశారో చెప్పలేను. మోసిన రాయికల్లా ఇంజను సంపాదించారు. సంపాదించిన ఇంజనుకల్లా చీటీ అంటించి స్టోర్‌లో పెట్టారు. ఓడకి ఒక్కటంటే ఒక్కటి బిగిస్తే ఒట్టు. అవతలివాళ్ళు మెరుపుల్లా వచ్చి కాల్చేసి పోయేవారు. ఈయన ఓడ రోజుకి పదిసార్లు కాలి బూడిదయ్యేది.

మహిమ వచ్చినప్పుడల్లా తండ్రితో ఇదే గొడవ. ఆఖరిసారి వచ్చినప్పుడు కూడా అంతే.

"నాన్నా, స్టోర్‌లో నలభై మూడు ఇంజన్లని చూపిస్తోంది! ఒక్కటి బిగించు."

"ఉండనీ."

"ఆటే అప్‌గ్రేడ్‌ల ఆట నాన్నా! వాడకపోతే ఎందుకాడటం?"

"ఇప్పుడేం తొందర?"

"అమ్మా, ఈయన ఆకాశంలో కూడా మిక్సీ విప్పట్లేదు చూడు!"

తను పాటించకపోయినా ఎదుటివాళ్ళకి సలహాలు చెప్పడంలో మాత్రం లోటు లేదు. వరండాలో కూర్చుంటే తలుపు సందులోంచి ఆయన గొంతే వినపడేది. "కొత్తగా చేరినోళ్ళు ముందు తుపాకి జోలికి పోబాకండి! ముందు ఇంజను, తర్వాత కవచం. ఒక్కదాన్నే పదో మెట్టు ఎక్కించి మిగతావి ఎండబెట్టబాకండి, అన్నిటినీ సమానంగా మూడో మెట్టుకి తేండి. షెడ్డు ఖాళీగా ఉంచబాకండి, ఇంటికెళ్ళే ముందు ఏదో ఒకటి బిగింపులో పెట్టి వెళ్ళండి!" ఆ వెంటనే లోపల నవ్వులు. బస్సులో తిరిగొస్తూ, "ఏంటండీ లోపల అంత నవ్వులు?" అనడిగితే, "ఏం లేదు, స్టోర్ పని" అనేసి చిల్లకల్లు రాకముందే నిద్రపోయేవారు.

జూలైలో ఒక ఆదివారం, చర్చికి బయల్దేరుతూ కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. దేనికీ తొందరపడని మనిషి.

అలమరలో నాలుగేళ్ళ నుంచి గుండుసూదులతో సహా ఉన్న తెల్ల చొక్కా తీసి ఆయనకి తొడిగాము. మహిమ ఏడుస్తూనే సూదులు ఒక్కొక్కటీ పీకింది. కాలరు కింద ఒకటి మర్చిపోయింది. "గుచ్చుకుంటుందే, చూడు" అన్నాను నేను. గదిలో అందరూ నా వంక అదోలా చూశారు.

తర్వాత నెలన్నర గడిచింది. ఒకరోజు నందిగామ డయాలసిస్ సెంటరులో పనిచేసే నాగశ్రీ సిస్టర్ ఫోన్ చేసింది.

"ఆంటీ, సార్ టాబ్ ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"రేపు ఒకసారి పట్టుకొస్తారా? చందర్లపాడు నుంచి కిషోర్‌బాబు అని కొత్తాయన వచ్చారు. మొదటి రోజే గంటకి సూదులు పీకించుకుని వెళ్ళిపోయారు. రేపు వాళ్ళావిడ ఎలాగో బతిమాలి తెస్తోంది. ఆయన గనక మానేస్తే పది రోజులు కూడా గ్యారంటీ లేదు ఆంటీ. ఇట్టాంటోళ్ళందర్నీ సారే నిలబెట్టేవారు."

"మా ఆయనా? ఎట్టా?"

"మీకు చెప్పలేదా?" అంది నాగశ్రీ.

మర్నాడు బుధవారం. వాన. అలమరలోంచి గొడుగు తీసి, కవరు చింపాను. ఎనిమిదేళ్ళు దాచిన గొడుగు తెరిస్తే సగమే విచ్చుకుంది, పైన రెండు చిల్లులు. కొత్త గొడుగు కిందే తడుస్తూ బస్సెక్కాను. బస్సులో నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి.

నాగశ్రీ నన్ను మొదటిసారి లోపలికి తీసుకెళ్ళింది. అటు నాలుగు, ఇటు నాలుగు మంచాలు. "స్టోర్స్ గారి మేడమ్ గారొచ్చారు!" అని ఎవరో అన్నారు. అందరూ సూదుల్లేని చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టారు. ఒంటిచేత్తో నమస్కారం నేనెప్పుడూ చూడలేదు. అంతలోనే తమ ఫోన్లు నావైపు తిప్పి చూపించడం మొదలుపెట్టారు. ప్రతి ఫోన్లోనూ ధగధగలాడే ఓడ.

"ఈ ఇంజను సార్ ఇచ్చిందే ఆంటీ" అంది కృష్ణప్రియ అనే అమ్మాయి. నందిగామలో డిగ్రీ చదువుతోంది. "ఒకసారి తన ఓడకి బిగిస్తే ఇంక అది వేరేవాళ్ళ ఓడకి పనికిరాదు, తుక్కు కిందే లెక్క. అందుకే ఆయన బిగించుకునేవారు కాదు. కొత్తగా వచ్చినోళ్ళకి మొదటి రోజే ఒకటిచ్చేవారు. అది షెడ్డులో బిగియడానికి సరిగ్గా రెండు రోజులు పడుతుంది. అంటే మళ్ళీ మిషనెక్కే రోజుకి."

"అది ఇంటి దగ్గర చూసుకోవచ్చు గదమ్మా?"

"చూసుకోవచ్చు. కానీ సార్ రూలొకటుంది. కొత్తది పడ్డాక ఊడిన పాత ఇంజను తెచ్చి ఈ మంచాల మీదే, ఆయన కళ్ళముందే ఆయన స్టోర్‌కి పంపాలి. 'పాతది పట్టుకురా!' అని ఒకటే గోల." కృష్ణప్రియ కళ్ళు తుడుచుకుంది. "నేను రెండోసారి వచ్చింది ఆ తుక్కు ఇవ్వడానికే ఆంటీ. లేకపోతే వచ్చేదాన్ని కాదు."

నేను టాబ్ తీసిచ్చాను. ఆ పిల్ల స్టోర్ తెరిచింది. నలభై మూడు. మహిమ పైపైన అంకె చూసి వెక్కిరించిందే గానీ లోపలికి మేమెవరం చూడలేదు. అందులో నలభై రెండు తుప్పు ఇంజన్లే. ఒక్కోదానికీ ఒక చీటీ, చీటీ మీద ఒక పేరు. కృష్ణప్రియ. శాంతికుమార్. జాయిస్. గ్లాసు మీద నాలుగక్షరాలు కొట్టించని మనిషి, తుక్కుకి నలభై రెండు పేర్లు రాసిపెట్టుకున్నారు. తిరిగొచ్చిన నలభై రెండు మంది.

కొత్త ఇంజను ఒక్కటే మిగిలింది.

చివరి మంచం మీద కిషోర్‌బాబు అప్పుడే కాలు కిందికి దించుతున్నారు. నలభై ఏళ్ళుంటాయి, మిరప రైతు. చేతికి సూదులున్నాయి, మిషను తిరుగుతోంది. "తీసెయ్యండి సిస్టర్! ఈ బతుకు నాకొద్దు. ఇంటికెళ్తా" అంటున్నారు. తలుపు అద్దంలోంచి వాళ్ళావిడ చూస్తోంది, కొంగు నోట్లో కుక్కుకుని. నేను కూర్చునే బల్ల దగ్గరే నిలబడి ఉంది.

నాకు మాటలు రావు. పదిమందిలో నోరు విప్పి ఎరగను. అందరూ నా వంకే చూస్తున్నారు. నా నోటికి ఒక్కటే మాటొచ్చింది.

"ఇప్పుడేం తొందర బాబూ?"

ఆయన ఆగి, నా వంక చూశారు.

"ఒక ఇంజనుంది. మా ఆయనది. తీసుకుని వెళ్ళు" అన్నాను.

"ఇంజనేందమ్మా?"

అటు నాలుగు, ఇటు మూడు మంచాల వాళ్ళు ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. కృష్ణప్రియ ఆయన ఫోన్లో ఆట ఎలా ఎక్కించాలో మంచం మీంచే అరిచి చెప్పింది. నాగశ్రీ ఎక్కించింది. ఇంజను పంపాము. ఆయన తెర మీద గడియారం కనిపించింది, నలభై ఎనిమిది గంటలని. దించిన కాలు ఎప్పుడు పైకి పెట్టుకున్నారో ఎవరం గమనించలేదు.

"దీనికి తుపాకి పెట్టొచ్చాండీ?" అన్నారు కాసేపటికి.

"ముందు తుపాకి జోలికి పోబాకండి!" అని ఏడు మంచాలూ ఒకేసారి అన్నాయి.

టాబ్ మూసేముందు తెరకి ఓ మూల మా ఆయన ఓడ కనపడింది. ముక్కు సొట్ట, రెక్క సగం లేదు. పొట్ట మీద ఏవో అక్షరాలుంటే కళ్ళజోడు తుడుచుకుని కూడబలుక్కున్నాను. దేవమణి. ఆ డొక్కు దానికి పెట్టడానికి నా పేరే దొరికింది ఆయనకి.

శుక్రవారం నేను వెళ్ళేసరికే కిషోర్‌బాబు మంచం మీద ఉన్నారు. "ఏందమ్మా ఇంత ఆలస్యం? ముందు నా పాత ఇంజను తీసుకోండి" అన్నారు. తీసుకున్నాను. చీటీ మీద ఆయన పేరు నేనే కొట్టాను, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. పావుగంట పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

మళ్ళీ లెక్క నలభై మూడు. కానీ ఇవ్వడానికి కొత్తదొక్కటీ లేదు. సోమవారం రెడ్డిగూడెం నుంచి ఎవరో కొత్తావిడ వస్తోందని నాగశ్రీ చెప్పింది. అందుకని ఇప్పుడు మధ్యాహ్నం వంట కాగానే, మిక్సీ పెట్టె మీద కూర్చుని రాళ్ళు తోలుతున్నాను. నాకు మలుపులు సరిగ్గా రావు. నిన్న ఒక్కపూటలో నాలుగుసార్లు కాలిపోయాను. ఆఖరుకి సాయంత్రానికి ఒక ఇంజను సంపాదించాను.

మహిమకి ఫోన్ చేసి చెబితే ఎగిరి గంతేసింది.

"అబ్బ, ఇప్పటికన్నా ఆ ఓడకి బిగించమ్మా! అట్టా ఎన్నిసార్లు కాలిపోతావ్?"

"ఉండనీలేవే" అన్నాను. "ఇప్పుడేం తొందర?"