మంచి రోడ్డు మీద కుదుపు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వానలు వెనకపట్టిన రోజుల్లో, మచిలీపట్నం దగ్గర ఒక రొయ్యల శుద్ధి కర్మాగారానికి కంపన పరీక్ష నిమిత్తం వెళ్ళాను. అప్పుడు నేను విజయవాడలో ఒక ప్రైవేటు పరీక్షా సంస్థలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. ఇల్లు గుడివాడలో కావడంతో కృష్ణా జిల్లా పని ఏది వచ్చినా నా నెత్తినే పడేది. రొయ్యలు కొనే విదేశీ సంస్థలు సరుకుతో పాటు కార్మికుల ఆరోగ్యం గురించి కూడా ఆరా తీయడం మొదలుపెట్టాక, ఇలాంటి పరీక్షలు చేయించుకోవడం కర్మాగారాలకు తప్పనిసరి అయింది.

కంపనం అనగానే చాలామంది మోటార్లు, బేరింగులే అనుకుంటారు. యంత్రం ఆరోగ్యం చూసే మీటరు వేరు, మనిషి ఒంటికి ఎంత కుదుపు చేరుతోందో చూసే మీటరు వేరు. నా దగ్గరున్నది రెండోది. చేతిలో పట్టే పెట్టె, దానికి ఒక కేబులు, కేబులు చివర దిబ్బరొట్టెలాంటి రబ్బరు బిళ్ళ. బిళ్ళను సీటు మీద టేపుతో అతికిస్తే డ్రైవరు దాని మీద కూర్చుని బండి నడుపుతాడు. ముందువెనకలకు, పక్కలకు, పైకీ కిందికీ వచ్చే కుదుపులను లోపలి సెన్సరు విడివిడిగా పట్టుకుంటుంది. వెన్నెముకకు ఎక్కువ చేటు చేసే కుదుపులకు ఎక్కువ విలువ కట్టి, చివరికి ఒక రోజు పనికి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెకు రెండు హద్దు గీతలున్నాయి. మొదటిది దాటితే కుదుపు తగ్గించే ఏర్పాటు చేయాలి. రెండోది దాటితే ఆ పని ఆపాలి.

కొలవాల్సింది నాగాయలంక చెరువుల నుంచి రొయ్యలు తెచ్చే లారీని. దాని డ్రైవరు యోహాను, యాభై దాటిన మనిషి, మాటకు ముందు నవ్వే రకం, తన ఊరి చర్చిలో సంఘ పెద్ద. నేను బిళ్ళ అతికిస్తుంటే పక్కనే నిలబడి చూశాడు. "మేడమ్ గారూ, ఇది సీటు గురించి చెప్తదాండీ, నా గురించి చెప్తదాండీ?" అని అడిగాడు. సీటు గురించేనని ధీమాగా చెప్పాను. అతని మొహం తేటపడింది. ఎందుకడిగాడో నాకు తట్టలేదు. కర్మాగారం మేనేజరు ప్రసాదరావు గారు అంతకుముందే మాటల్లో చెప్పారు, నడుం నొప్పన్న ఒక డ్రైవరును కిందటేడు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టేశామని. రెండు మాటలనూ కలిపి చూసుకునే తెలివి ఆ పూట నాకు లేకపోయింది.

మొదటి రోజు క్యాబిన్‌లో చోటు లేదన్నారు. హమాలీ నాగరాజు, అతని తోటివాడు ఎక్కారు. నేను వెనక కంపెనీ జీపులో వెళ్ళాను. నాగాయలంక నుంచి మోపిదేవి దాకా రోడ్డు సంగతి ఆ దారిన తిరిగేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మోపిదేవిలో హైవే ఎక్కాక మచిలీపట్నం దాకా కడుపులో నీళ్ళు కదలవు. సాయంత్రం రికార్డు విప్పి చూస్తే నాకు మతిపోయింది. గతుకుల్లో కుదుపుల గ్రాఫు గీత ఒక మోస్తరుగా ఊగింది. హైవే ఎక్కిన దగ్గర్నుంచి మాత్రం ఉండుండి నిట్టనిలువునా లేచింది. ఆ శిఖరాలతో కలిపి లెక్కవేస్తే అంకె రెండో గీత దాటుతోంది.

చెడ్డ రోడ్డు మీద లేని దెబ్బ మంచి రోడ్డు మీద ఎక్కడిది? కేబులు వదులైందేమోనని మార్చాను. తెలిసినంత కుదుపును మాత్రమే ఇచ్చే చిన్న పరికరం మీద సెన్సరును పెట్టి సరిచూశాను, పిసరంత తేడా లేదు. లారీ కింద దూరి స్ప్రింగు పట్టీలు చూడమని మెకానిక్కును బతిమాలితే, అవీ బాగానే ఉన్నాయన్నాడు. మర్నాడు రెండో బిళ్ళతో మళ్ళీ కొలిస్తే మళ్ళీ అదే తంతు, మోపిదేవిలోనే మొదలు. ఇన్నేళ్ళ సర్వీసులో మీటరు నన్ను ఇంతగా వెక్కిరించడం అదే మొదటిసారి. ఒళ్ళు మండింది కూడాను.

చిక్కు విప్పింది నాగరాజు. లేదా విప్పాడని నేననుకున్నాను. "అదాండీ! మా యోహాను మావయ్య స్వామికి లేస్తాడండీ. మోపిదేవి వచ్చేసరికి సీట్లోంచి లేచి, మళ్ళీ కూర్చుంటాడు. చర్చి మనిషైనా ఆ మర్యాద చూడండి!" అన్నాడు గర్వంగా. ప్రసాదరావు గారూ తలూపారు. కర్మాగారంలో అందరికీ తెలిసిన ముచ్చటేనట.

లేచిన మనిషి మళ్ళీ కూర్చుంటే బిళ్ళ మీద బరువు ఒక్కసారిగా పడుతుంది, మీటరు దాన్ని రోడ్డు దెబ్బ అనుకుంటుంది. అలాంటి భాగాన్ని లెక్కలోంచి తీసేయాలని మా పద్ధతే చెబుతోంది. హమ్మయ్య అనుకున్నాను. అయితే గీతను మళ్ళీ చూసుకుంటే మనసొప్పలేదు. శిఖరాలు మోపిదేవిలో ఆగలేదు. చల్లపల్లి దాటినా ఉన్నాయి, మచిలీపట్నం పొలిమేర దాకా ఉన్నాయి. సుబ్రహ్మణ్యేశ్వరుడు మోపిదేవిలో ఉంటాడు గానీ హైవే పొడుగునా ఉంటాడా? దారిలో ప్రతి గుడికీ లేస్తాడేమోనండీ అన్నాడు నాగరాజు, ఈసారి కాస్త తగ్గి.

మూడో రోజు నాగరాజును జీపులోకి పంపి నేనే క్యాబిన్ ఎక్కాను. హైవే మీదికి వచ్చిన కాసేపటికి యోహాను స్టీరింగును రెండు చేతులతో బిగించి, పాదాల మీద బరువు మోపి, నడుమును సీటు నుంచి పైకి లేపాడు. అలాగే కాసేపుండి, పంటి బిగువున కూర్చున్నాడు. గుడి లేదు, చర్చి లేదు. అటూ ఇటూ వరిచేలు. కొంతదూరం పోయాక మళ్ళీ లేచాడు. నేను చూస్తున్నానని తెలిసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

చల్లపల్లిలో టీకి ఆపాడు. బల్ల ఉన్నా నిలబడే తాగాడు. నేను అడగకముందే చెప్పాడు. "గతుకుల్లో లేవడానికి కుదరదండీ, స్టీరింగ్ చెయ్యి జారిపోద్ది. నొప్పి అక్కడంతా దిగమింగుకుని రోడ్డు బాగున్న చోట నడుముకి కాస్త తెరిపి ఇచ్చుకుంటానండీ."

మరి స్వామి సంగతేమిటన్నాను.

"నేను చెప్పలేదండీ, నాగరాజే అనుకున్నాడు. కాదనలేదు నేను. దేవుడి పేరుంటే ఎవరూ డాక్టరు దగ్గరికి పొమ్మనరు కదండీ. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు మాత్రం ఆ అబద్ధం గుచ్చుతానే ఉంటది." గ్లాసు పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. "తెలిస్తే గేటు దగ్గర కూర్చోబెడతారండీ. రోజంతా కూర్చోడం. నావల్ల కానిదే అది."

కాలు ఎప్పుడైనా మొద్దుబారిందా, క్లచ్ తొక్కుతుంటే పట్టు తప్పిందా అని గట్టిగా అడిగాను. లేదన్నాడు. నమ్మాను, పూర్తిగా కాదు. అలాంటిది ఒక్కసారి జరిగినా బండి పక్కకు ఆపి తాళాలు ఇచ్చేయాలని చెప్తే తలూపాడు. డాక్టరుకు చూపించుకోమంటే మాత్రం రోడ్డు వైపు చూశాడు.

ఆ రాత్రి గుడివాడలో రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. అతను అన్నది బయటపెడితే గేటు కుర్చీ. దాచిపెడితే, నొప్పితో ఉన్న మనిషి హైవే మీద లారీ నడుపుతాడు. రెండింటికీ మా పద్ధతుల పుస్తకంలో సమాధానం లేదు. ఉన్నదల్లా ఒక్క వాక్యం, డ్రైవరు సీటు నుంచి లేచిన భాగాలను గుర్తించి తీసేయాలని. ఎందుకు లేచాడో రాయమని ఎక్కడా లేదు. అలాగే చేశాను. శిఖరాలు పోగా అంకె మొదటి గీతకు పైన, రెండోదానికి కింద నిలిచింది. సీటు మార్చాలని సిఫార్సు చేశాను. చాలా ఏళ్ళుగా నడుపుతున్న డ్రైవర్లందరికీ వెన్ను పరీక్ష చేయించాలని, ఎవరి పేరూ లేకుండా, విడిగా రాశాను. నేను చేసింది ఒప్పో తప్పో నాకు ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు.

ప్రసాదరావు గారు మాటకు నిలబడే మనిషి. కుదుపు మింగే కొత్త సీటు నెల తిరక్కుండా వేయించారు. వెన్ను పరీక్ష మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారు. మళ్ళీ కొలవడానికి వెళ్ళాను. లేచిన భాగాలు తీసేసి లెక్కవేస్తే అంకె మొదటి గీత కిందికి దిగింది. రిపోర్టు చూసి ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను, నాకు స్వయంగా కుర్చీ లాగి వేశారు.

నేను వెనక పేజీలోని గీతను చూస్తున్నాను. గతుకుల్లో అది ఇప్పుడు మెత్తగా సాగింది. హైవే మీద శిఖరాలు మాత్రం ఉన్నాయి. మునుపు ఎన్ని ఉన్నాయో దాదాపు అన్నే ఉన్నాయి.

"సీటు మారినా మా మావయ్య భక్తి మారలేదండీ!" అన్నాడు వెనక నిలబడ్డ నాగరాజు. ప్రసాదరావు గారు నవ్వుతూ సంతకం పెట్టారు. కిటికీలోంచి చూస్తే యోహాను లారీ తొట్టి కడుగుతున్నాడు. వంగడానికి ముందు ఒక చెయ్యి చక్రం మీద ఆనించుకున్నాడు.

ఆ తర్వాత నేను కుదుర్చుకున్న ప్రతి పనిలోనూ ఒక షరతు అడిగాను, వైద్య పరీక్షలో ఏం తేలినా దాని మూలంగా కార్మికుడి పని పోకూడదని. కొన్ని కంపెనీలు ఒప్పుకున్నాయి, ఎక్కువ కంపెనీలు ఒప్పుకోలేదు. సీటు నుంచి ఒంటికి ఈ రోజు ఎంత చేరుతోందో మీటరు చెబుతుంది. ఇన్నేళ్ళలో ఎంత చేరిపోయిందో చెప్పలేదు. అది మనిషిని అడిగి తెలుసుకోవాలి, చెప్పినా అతనికి నష్టం రాని చోట అడగాలి.